మూడో పిలుపు

రేపటి నుంచి వీడియో చాట్ అని బోర్డు పెట్టి, పాకాలలోని తన నెట్ సెంటర్ షట్టర్‌ను రాత్రి లోపలి నుంచి దించుకున్నాడు దొరస్వామి. రెండు కంప్యూటర్లలోనూ కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ఒకదాని ముందు కూర్చున్నాడు. తెర మీద, రెండో కంప్యూటర్ కెమెరాలోంచి, పక్క క్యాబిన్‌లోని ఖాళీ కుర్చీ కనిపించింది.

"ఎవురప్పా ఆడ? వినపడతా ఉండాదా?" అని మైకులో నవ్వాడు.

హెడ్‌ఫోనులో గాజులు గలగలమన్నాయి.

"ఇదో!"

అతను తెర వైపు వంగి చూశాడు. కుర్చీ ఖాళీగానే ఉంది.

"ఇదో, అన్నం తినినావా?"

భార్య చెంగమ్మ పోయాక అతన్ని 'ఇదో' అని పిలిచి ఆ మాట అడిగినవాళ్లు లేరు. రాత్రిపూట మూడోసారి పిలిస్తేనే పలకాలని, దెయ్యమైతే మూడోసారి పిలవదని చిన్నప్పుడు అమ్మ చెప్పేది.

హెడ్‌ఫోనులో మూడో పిలుపు రాలేదు. దాని కోసం అతను ఎక్కువసేపు ఆగలేకపోయాడు.

"ఇంకా లేదు చెంగమ్మా," అన్నాడు.

తెర మీద ఖాళీ కుర్చీ, ఇంకొకరికి చోటిస్తున్నట్టు, మెల్లగా పక్కకు జరిగింది.