కల్లంలో ఎండ

అయినా అక్కడ రాత్రి ఉండదు కదా, అనుకుంది ఉదయశ్రీ. అంతరిక్షంలో అంత దూరాన ఉన్న టెలిస్కోపు రెప్ప వాల్చకుండా సూర్యుణ్ణే చూస్తూ ఉంటుంది. అది పంపే బొమ్మల్లో జ్వాలలు గుర్తించడం ఆమె ఉద్యోగం. ఈ రాత్రి ఆ పని మిరప కల్లంలో, తండ్రి మాలకొండయ్యకు తోడుగా కావలి పడుకుని చేస్తోంది.

“పగలంతా నెత్తిన మోసింది చాల్లేదా? రాత్రి కూడా ఆ సూరీడేందే!” అని ఎగతాళి చేసి ఆయన దుప్పటి ముసుగేశాడు.

లాప్‌టాప్‌లో సూర్యుడి అంచున పెద్ద జ్వాల లేచింది. అప్పుడే, మంచు పడకుండా కప్పిన పట్టా కింద మిరపకాయలు గలగలమన్నాయి. ఎండకు పెళుసెక్కిన కాయ చేసే చప్పుడది. రాత్రి చెమ్మకు మెత్తబడి, చప్పుడు లేకుండా ఉండాలి. పట్టా మీద చెయ్యి పెట్టింది. మిట్టమధ్యాహ్నంలా చురుక్కుమంది.

వేడి తన చేతిలోనే ఉందేమో. రోజూ ఆ మంటల్ని చూసీ చూసీ మనసే కాగిపోయిందేమో. ఇది భ్రమ అయితే, పట్టా తీయగానే మంచు పడి ఏడాది పంటంతా తెల్లబడి, ధర పలకని తాలుకాయ అవుతుంది. నిజమైతే, తీయకపోతే కాయ ఉడికి నల్లబడుతుంది.

“నాన్నా, కాయ కాలుతోంది.”

“కాలదా మరి? ఎండ చూడు ఎట్టా ఉందో,” అన్నాడాయన ముసుగులోంచి, మామూలుగా. “ఇంకా పట్టా తియ్యలేదేందే?”

కలవరిస్తున్నాడనుకుంది. లాప్‌టాప్ మూసేసి, చుక్కల వెలుగులో దుప్పటి తొలగించి చూసింది. ఆయన మెలకువగానే ఉన్నాడు. వెలుతురు భరించలేనట్టు కళ్లు చికిలించి, ఆకాశంలోకి చూస్తున్నాడు.

ఉదయశ్రీ ఎండకు చున్నీ నెత్తిన కప్పుకుని, పట్టా మూల మీది రాయి తీసింది.