బూడిదయ్య మౌనవ్రతం

“ఇదేంటి?” టైలరమ్మ బాదంపప్పును పంజరం ముందు ఎత్తి పట్టుకుంది.

“బాదం,” అంది చెల్లెలు, కిటికీలోంచి బయటికి చూస్తూ.

“భలే చెప్పావ్! ఇంద, తీసుకో.”

చెల్లెలు ఆ పప్పు తీసుకుని నోట్లో వేసుకుంది. పంజరంలో బూడిదయ్య మెడ ఓ పక్కకి వాల్చి, పప్పు నలిగే చప్పుడంతా శ్రద్ధగా విన్నాడు. అంతే. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

బూడిదయ్య ఆఫ్రికా చిలుక. ఒళ్ళంతా బూడిదరంగు, తోక మాత్రం ఎర్రగా నిగనిగలాడుతుంది. పాత యజమాని ఊరు మారుతూ పక్షుల డాక్టరు దగ్గర వదిలేస్తే, డాక్టరు వీణ్ణి టైలరమ్మకు అంటగట్టాడు. “ఇంట్లో మనిషి మాట వినబడి ఎన్నాళ్ళయిందో డాక్టరుగారూ, ఇదైనా మాట్లాడితే అదే పదివేలు,” అని ఆమె సంబరంగా తెచ్చుకుంది. తీరా చూస్తే ఫోను మోత, కెటిల్ ఈల, కుట్టు మిషను చప్పుడు అన్నీ అచ్చు దించేస్తాడు గానీ, ఒక్క మాట అనడు.

“ఒక్కరే కూర్చుని పాఠం చెబితే దీనికి ఎక్కదమ్మా,” అన్నాడు డాక్టరు. “దీని ఎదురుగా ఇద్దరు మాట్లాడుకోవాలి. ఒకరు అడగాలి, ఇంకొకరు చెప్పాలి. చెప్పినవాళ్ళకి బహుమతి ఇవ్వాలి. అది చూసి కుళ్ళుకుని ఇదీ నేర్చుకుంటుంది. ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?”

ఉంది. కింది వాటాలో చెల్లెలు ఉంది. బస్సు కండక్టరుగా చేసి రిటైరైంది. అసలు గొడవంతా ఆ రిటైర్మెంటు రోజే మొదలైంది. అక్క నిద్ర మానుకుని కుట్టిచ్చిన కోటు వేసుకుని, నలుగురిలో నిలబడి, “కుడిచెయ్యి పొట్టి చేసింది మా అక్క,” అని నవ్వింది చెల్లెలు. అక్కకు ఒళ్ళు మండింది. “కోటు సరిగ్గానే ఉంది. ఇన్నేళ్ళూ బస్సు కడ్డీ పట్టుకు వేలాడి నీ చెయ్యే సాగింది!” అనేసింది. అందరూ పడీ పడీ నవ్వారు. అంతటితో ఇద్దరికీ మాటలు బంద్. చెల్లెలి నోట అక్క అన్న పిలుపే పోయింది. ఎవరైనా అడిగితే “పైనావిడ” అనేది.

ఆఖరికి డాక్టరు వెళ్ళి బతిమాలితే, మొహం గంటు పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

“చూడు, నేను వచ్చింది నీ కోసం కాదు, ఆ మూగజీవి కోసం. అది ఒక్క మాట అన్నదా, నా డ్యూటీ అయిపోయినట్టే. మళ్ళీ ఈ మెట్లెక్కమన్నా ఎక్కను.”

“ఎవరెక్కమన్నారు?” అంది టైలరమ్మ, తనూ తగ్గకుండా.

అలా మొదలైంది చదువు. బాదం, బటను, కత్తెర. పాఠం కాగానే టైలరమ్మ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళేది. చెల్లెలు టీ కావాలని అడిగిందీ లేదు, వద్దన్నదీ లేదు. స్టవ్ దగ్గర నిలబడితే హాల్లోంచి గుసగుసలు వినబడేవి.

“ఏమిటి దాంతో మంతనాలు?”

“తిడుతున్నా. దీని చదువేమో గానీ నేను ఒళ్ళు చేస్తున్నానని.”

నిజమే. బాదంపప్పులన్నీ చెల్లెలి ఒంటికే పట్టాయి. ఒకరోజు, కుక్కకి కిటికీ పక్క సీటు కావాలని బస్సులో పోట్లాడిన పెద్దమనిషి కథ చెప్పింది. టైలరమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. చెల్లెలు వెంటనే బిగుసుకుపోయి, “బూడిదయ్యకి చెబుతున్నా, నీకు కాదు,” అంది.

టైలరమ్మ మధ్యాహ్నం నుంచే గడియారం వైపు చూడడం మొదలుపెట్టింది. ఏ మాట కోసం వీణ్ణి తెచ్చుకుందో, ఆ మాటంటేనే ఇప్పుడు ఆమెకు గుండెల్లో దడ. వీడు నోరు తెరిచిన మరుక్షణం చెల్లెలు రావడం మానేస్తుంది.

అంతలో డాక్టరు వచ్చి చూసి శుభవార్త చెప్పాడు. “గొంతు సవరించుకుంటున్నాడమ్మా. ఇవాళో రేపో పలుకుతాడు. అయితే మీరు నేర్పిందే అంటాడనుకోకండి. పాఠం కంటే, మనం మనసుపెట్టి అన్న మాటే వీటికి తొందరగా పట్టుబడుతుంది.”

సాయంత్రం ఆ సంగతి చెల్లెలి చెవిన వేసింది. “డాక్టరు ఇవాళో రేపో అన్నాడు.”

చెల్లెలి చేతిలోని బాదంపప్పు చేతిలోనే ఉండిపోయింది.

“మంచిదేగా,” అంది చివరికి. “నాకూ ఈ మెట్ల బాధ తప్పుతుంది. మోకాళ్ళు పట్టేస్తున్నాయి.”

“అవునవును. పాపం, నీకెంత శ్రమ!”

టీ కప్పులతో వచ్చేసరికి చెల్లెలు ముందుకు వంగి, పంజరం ఊచలకు ముక్కు ఆనించి ఇంకా గొణుగుతూనే ఉంది. అక్కను చూడగానే సర్దుకు కూర్చుంది. టీ సగం తాగి లేచిపోయింది. వదిలించుకుపోవడానికి ఎంత తొందరో అనుకుని టైలరమ్మ ఉక్రోషపడింది. ఆ పూట ఆమెకు అన్నం కూడా సయించలేదు.

మర్నాడు పొద్దున్నే పంజరం మీది గుడ్డ తీసింది. బూడిదయ్య రెక్కలు దులుపుకుని, గొంతులో ఏదో గురగురలాడించాడు. టైలరమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి.

“వద్దురా నాయనా! బాదం అనకు, బటను అనకు. నీకు పుణ్యముంటుంది, ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు,” అంటూ గబగబా ఒక పప్పు అందించింది.

బూడిదయ్య పప్పు ముట్టుకోలేదు. మెల్లగా ముందుకు వంగాడు. ఊచలకు ముక్కు ఆనించాడు. గొంతు బాగా తగ్గించి, అచ్చం చెల్లెలి గొంతుతో అన్నాడు:

“ష్ష్... అక్క ముందు మాట్లాడకేం!”