చెరిపిన ముగ్గు

తెల్లారేసరికి మళ్ళీ ఉంది ముగ్గు! వరసగా ఇది మూడో రోజు.

నందిత చీపురు తీసుకుని గబగబా చెరపడం మొదలుపెట్టింది. మొగుడు లేచేలోపల అయిపోవాలి. గణేశన్ గుండెకి స్టెంటు పెట్టి నెల కూడా కాలేదు. భయపడే పని ఏదీ జరగకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. గాలి మారితే మంచిదని ఆమే పోరుపెట్టి, పిళ్ళైచావడి ఊరవతల సరుగుడు తోపులో ఉన్న ఈ తాటాకుల గుడిసెకి తీసుకొచ్చింది. ముందర సముద్రం, వెనక తోపు. కనుచూపు మేరలో ఇంకో ఇల్లు లేదు. మరి ముగ్గెవరు వేస్తున్నట్టు? ఇసకలో అడుగుల జాడ కూడా లేదాయె!

"ఏంది చెరుపుతాండావు?"

ఉలిక్కిపడి చూసింది. గుమ్మంలో గణేశన్. కళ్ళు నులుముకుంటూ ముందుకొచ్చి, సగం మిగిలిన ముగ్గు చూసి నవ్వాడు.

"అడడా! ఇది మా అమ్మ ఏసే మెలికల ముగ్గు కదా! ఎడంపక్క మెలిక చూడు, అచ్చం అమ్మ మాదిరే వంకర పోయింది. ఎప్పుడు నేర్చుకుంటివి?"

నందిత వంగి ఆ మెలిక వంక చూసింది. నిజమే. తాముండే ఇందిరా నగర్ ఇంటి వాకిట్లో అత్తగారు కమలమ్మాళ్ రోజూ వేసిన ముగ్గే ఇది. ఆవిడ పోయి మూడేళ్ళయింది.

"ఏదో... చూసి చూసి వచ్చింది. బాగా రాలేదని చెరిపేస్తాండా."

"బాగుండాది, ఉండనీ" అని పళ్ళు తోముకోవడానికి పోయాడు ఆయన. ఆయన అటు తిరగడమే ఆలస్యం, మిగతా సగమూ ఊడ్చిపారేసింది.

కాసేపటికి తోపు కాపలా చూసే ఇరుసప్పన్ పాలు తెచ్చాడు.

"అన్నా, ఈడికి ఆడోళ్ళు ఎవరైనా వస్తారా?" నందిత గొంతు తగ్గించి అడిగింది.

"ఈడ ఆడోళ్ళు యాడుండారమ్మా? చేపల పడవలు గూడా ఈ పక్క ఆపరు. తెల్లారి నేను ఒడ్డుకి పోతా ఉంటే మీ ముగ్గు కనపడతాది. మూడు దినాలుగా చూస్తాండా. ఈ వాకిలికి కళ వచ్చెననుకుంటి."

ఆమె లోపలికెళ్ళి పెట్టె సర్దబోయింది. గణేశన్ ఒప్పుకుంటేనా!

"ఏంది నీ తొందర? ఈడికి వచ్చినాకనే నాకు కంటినిండా నిద్ర పడతాండాది. ఇంకో రెండు దినాలు ఉందాం."

నిజానికి మనిషి తేరుకున్నాడు. మొహంలో రక్తం కనపడుతోంది. ఇడ్లీలు రెండు ఎక్కువే తిన్నాడు కూడా. అది చూస్తే నందితకి భయం ఇంకా పెరిగింది. ఆరిపోయే ముందు దీపం బాగా వెలుగుతుందంటారు కదా! పైగా ఒక్కగానొక్క కొడుకు. బతికున్నన్నాళ్ళూ ఆయన ఇంటికి రానిదే ముద్ద ముట్టేది కాదు అత్తగారు. తోడుకి పిలుచుకుపోదామనే వచ్చింది. లేకపోతే చచ్చిన మనిషికి ఇక్కడేం పని?

సాయంత్రం ఆయన ఒడ్డున నడుస్తుంటే నందిత వాకిట్లో నిలబడి చేతులు జోడించింది. ఏడుపు ఆగలేదు.

"అత్తా, మీకు దండం పెడతా. ఆయన్ని నాకు వదిలిపెట్టండి. మీరు ఇంక ఈ వాకిట్లోకి రావద్దు. మీ కొడుకు మీద ఒట్టు!"

సరుగుడు చెట్ల హోరు ఠక్కున ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

మర్నాడు వెలుగు రాకముందే లేచి తలుపు తీసింది. ముగ్గు లేదు! వాకిలంతా నున్నటి ఇసక. హమ్మయ్య, ఎంతైనా తల్లి మనసు, మాట వినింది అనుకుని కళ్ళు తుడుచుకుంది. మూడు రోజులుగా గుండెల మీద ఉన్న బరువు దిగిపోయింది.

పొయ్యి వెలిగించి డికాషన్ దించింది. "ఏమండీ, లేస్తారా?" అని పిలిచింది. ముసుగులోంచి గణేశన్ పలకలేదు. పోనీలే, కంటినిండా నిద్రపోనీ అనుకుని గిన్నె తీసుకుని పాల కోసం బయటికొచ్చింది.

ఇరుసప్పన్ వచ్చి ఉన్నాడు. కానీ రోజూలాగా దగ్గరికి రాలేదు. దూరంగానే చెప్పులు విడిచి, తలకి చుట్టిన తువ్వాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"ఏమన్నా, ఆడనే నిలబడితివి? పాలు తే" అని నవ్వింది నందిత.

అతను నవ్వలేదు.

"చావింటి మాదిరి వాకిట్లో ముగ్గు లేకండా ఉండాదే... ఎవరమ్మా పోయింది?"