శాంపిలూ సరుకూ

"ముట్టుకోవద్దు మేడం, చేతికి మసి అంటుకుంటాది," అంది ఎస్తేరు, పేపర్లో చుట్టి తెచ్చిన పొట్లాన్ని బల్ల మీద విప్పుతూ.

లోపల ఉన్నది మొన్నటిదాకా అడాప్టరు. ఇప్పుడు నల్లగా కరిగి ముద్దయిపోయి, గదంతా కాలిన ప్లాస్టిక్ కంపు కొడుతోంది.

"యాడ కాలింది?" అరుణ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"మా ఇంట్లోనే మేడం, ధర్మవరంలో. పోయిన నెల లైన్లో చేసే వాళ్ళందరికీ ఒక్కో వైఫై డబ్బా ఇచ్చినారు కదా, దానిదే. గోడంతా నల్లగైపోయింది. మా అత్త మేలుకొని ఉండాది కాబట్టి సరిపోయింది, లేకుంటే పరుపు అంటుకుంటాండె."

హిందూపురం దగ్గరున్న ఈ ఫ్యాక్టరీలో వైఫై రూటర్లు చేస్తారు. వాటిని విదేశాల్లో అమ్మడానికి అనుమతులు తెప్పించడం అరుణ ఉద్యోగం. రోజూ పెనుకొండ నుంచి రైల్లో వచ్చి, ఒక్కో దేశం అడిగే ఫారాలు నింపి, శాంపిళ్ళు పరీక్షలకు పంపుతుంది. ఇప్పుడు ఆఫ్రికాలో ఒక దేశానికి పన్నెండు వేల డబ్బాలు పోవాలి. అంటే పన్నెండు వేల ఇళ్ళలోకి పన్నెండు వేల అడాప్టర్లు.

పొట్లం తీసుకుని నేరుగా యజమాని తిమ్మరాజు గదికి వెళ్ళింది. ఆయన దోసె తింటున్నాడు. ముద్దను చూసి ప్లేటు కాస్త పక్కకు జరుపుకున్నాడు, అంతే.

"ఒకటీ అరా పోతాయమ్మా. ఇంత సరుకులో అది మామూలే."

"పరీక్షలో కూడా ఇట్లనే కాలితే, సార్?"

"పరీక్షకు ఇది ఎందుకు పోతాది? శాంపిలు వేరే చేయించి స్టోరులో గంగప్ప దగ్గర పెట్టించినా. దాని అడాప్టరులో అంతా ఖరీదైన సామాన్లే." చట్నీ అంటిన వేలు నాక్కుంటూ నవ్వాడు. "పెండ్లిచూపులకు పాత చీర కట్టుకొని ఎవరన్నా కూర్చుంటారా?"

"అనుమతి వచ్చినాక శాంపిలూ సరుకూ ఒకటేనని సంతకం పెట్టాల్సింది నేను, సార్."

"పెడ్తావులే. జీతం తీసుకుంటాండావు కదా."

ఆ నవ్వుకు అరుణ ఒళ్ళంతా జెర్రి పాకినట్టయింది. ముఖం తెలియని వాళ్ళ ఇళ్ళు కాలితే ఈయనకేం, దోసె చల్లారకుంటే చాలు. ఛీ, ఇలాంటి మనిషి ఎదురుగా నిలబడి ఇన్నేళ్ళూ సార్ అన్నానే అనుకుంది.

మధ్యాహ్నం భోజనాల వేళ స్టోరులో ఎవరూ లేరు. గంగప్ప సిద్ధం చేసిన శాంపిలు పెట్టెలోంచి మంచి అడాప్టరు తీసి సంచిలో వేసుకుంది. లైన్లో తయారైన మామూలుదాన్ని దాని చోట పెట్టి, పెట్టె మూసి, తానే టేపు వేసింది. సాయంత్రం కొరియరు అబ్బాయి వచ్చి తీసుకుపోయాడు. ఆ దేశపు ల్యాబువాళ్ళు ఎనిమిది గంటలు ఆపకుండా నడిపి వేడి కొలుస్తారు. అక్కడ కాలిపోతే ఇంకెవరి ఇల్లూ కాలదు.

ఆరు వారాలు ఎదురుచూసింది. తను పంపిన శాంపిలు ఫెయిలవ్వాలని ఇంతగా కోరుకున్న ఉద్యోగి ఇంకొకరు ఉండరేమో.

రిపోర్టు వచ్చింది. నలభై పేజీలు. పాస్.

అరుణ నమ్మలేక ప్రతి పేజీ చదివింది. గంట గంటకూ అంకెలున్నాయి. ఎనిమిది గంటల తర్వాత అడాప్టరు వేడి నలభై ఒక్క డిగ్రీలు. ఏప్రిల్లో పెనుకొండ ఎండంత, అంతే. కింద ఇద్దరు ఇంజనీర్ల సంతకాలు, గుండ్రటి ముద్ర.

తను పంపింది మామూలు సరుకే. దాన్నే కొలిచి బాగుందన్నారు. అంటే ఎక్కడో ఒకటి చెడిపోతే దాన్ని పట్టుకుని, ఒక మనిషిని ఇన్నాళ్ళూ పురుగును చూసినట్టు చూసింది. దొంగలా స్టోరులో దూరింది. ఈసారి ఆమెకు తన మీదే రోత పుట్టింది.

లైను దగ్గరికి వెళ్ళి ఎస్తేరును పిలిచింది. "మీ ఇంట్లో కరెంటు ఎట్లుంటాది?"

"ఎక్కువా తక్కువా అయితాంటాది మేడం."

"అందుకే కాలింది. అడాప్టరుది తప్పు కాదు. వైరింగు చూపించుకో."

"మా టీవీ, ఫ్యాను ఏమీ కాలలేదు కదా మేడం."

"పెద్ద ల్యాబులో పరీక్ష చేసి నలభై పేజీలు రాసి పంపినారు ఎస్తేరూ."

ఎస్తేరు తల వంచుకుని తన పనిలో పడింది.

తిమ్మరాజు గదిలో అరుణ నిలబడే మాట్లాడింది. "మిమ్మల్ని తప్పుగా అనుకున్నా సార్. ఏమీ అనుకోవద్దండి."

ఆయన ఒక క్షణం తెల్లబోయి, వెంటనే తేరుకున్నాడు. "పోనీలేమ్మా. పెన్ను ఉండాదా?"

'పరీక్షించిన శాంపిలూ, పంపుతున్న సరుకూ ఒకటే' అన్న వాక్యం కింద ఆమె సంతకం పెట్టింది. పదకొండేళ్ళ ఉద్యోగంలో ఇంత నిశ్చింతగా ఏ కాగితం మీదా పెట్టలేదు. ఆ సాయంత్రమే సరుకు చెన్నై రేవుకు బయలుదేరింది.

ఓడ కదిలిందని కబురు వచ్చిన రోజే ల్యాబు శాంపిలును తిప్పి పంపింది. గంగప్ప దాన్ని అరుణ బల్ల మీద పెట్టి, కత్తితో పై కవరు కోశాడు.

"నిదానంగా గంగప్పా," అంది అరుణ నవ్వుతూ. "అన్ని పరీక్షలూ తట్టుకొని వచ్చింది, అద్దాల బీరువాలో పెడదాం."

గంగప్ప లోపలి పెట్టెను ఇటూ అటూ తిప్పి, దాని మీది టేపును చూశాడు.

"దీన్ని ఎవరూ ఇప్పనే లేదు మేడం."