నిమ్మకాయలు తొక్కని బండి

టూరిస్టులను తిప్పే ధనుంజయ్ మోటారు బగ్గీ అరకు కొండల ఎత్తు ఎక్కలేక ఆయాసపడేది. ఘాట్‌రోడ్డు మీంచి లోయలో పడ్డ ఒక కారు ఇంజను, క్లచ్చితో సహా కొనితెచ్చి దానికి బిగించాడు. ఆ కారు నడిపిన అమ్మాయి బతకలేదు.

అప్పట్నుంచి అతనికి షెడ్డే లోకమైపోయింది.

"నన్నెప్పుడైనా అంత ముద్దుగా సూసినావేటి?" అని దెప్పింది భార్య కనక.

"దీని క్లచ్చి మీద కాలానిస్తే సాలు, మాటింటాది. నువ్వేనాడైనా ఇన్నావేటే?" అని నవ్వాడతను.

కనకకు ఒళ్లు మండింది. చచ్చిన మనిషి బండి ఇనుము కదా, చక్రాల కింద పెట్టి తొక్కిద్దామని అతను తెచ్చిన నిమ్మకాయలను పిండి పులిహోర కలిపేసింది.

ఆ రాత్రి తలనొప్పని చెప్పి ముసుగుతన్ని పడుకుంది. అతను పెరట్లో చేతులు కడుక్కుంటుంటే, తలగడకు దుప్పటి కప్పి షెడ్డులోకి వెళ్లింది. అంతగా దీన్లో ఏముందో చూద్దామని డ్రైవరు సీటెక్కింది. మోకాళ్లు స్టీరింగుకు కొట్టుకున్నాయి. ధనుంజయ్ తనకన్నా జానెడు పొడుగు. సీటు ఇంత ముందుకు ఎవరి కోసం జరిపినట్టు?

తలుపు కిర్రుమంది. చీకట్లో ధనుంజయ్ దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"కనక పడుకుందిలే," అన్నాడు, ఆమె ఎన్నడూ వినని మెత్తని గొంతుతో. "బేగి పోదామా?"

ఇంకా ఏం మాట్లాడతాడో విందామని కనక ఊపిరి బిగబట్టింది.

ఖాళీగా ఉన్న పక్క సీట్లోంచి ఒక ఆడగొంతు "ఊఁ" అంది.