సీసా మీద గీత

రబ్బరు చెప్పుల ముసలాయన పెట్రోల్ డబ్బా మూత తీసి వాసన చూశాడు.

“ఏ బంకుది బిడ్డా?”

“కామారెడ్డిది. నెలరోజుల సంది అదే పోస్తున్న. నువ్వెవరు?” అన్నాడు దేవేందర్.

“బండి చూసి పోదామని వచ్చిన.”

బండి అంటే విమానం. ఇద్దరు పట్టేది, కారు పెట్రోల్‌తో నడిచేది. పాతది కొని నెలరోజులైంది. ముక్కు మీద ఎవరో రాయించిన ‘మోతి’ అన్న పేరును కూడా దేవేందర్ చెరపలేదు. లింగంపేట దగ్గర మక్కలు కోసి చదును చేసిన చెలకే దానికి రన్‌వే. ఇవాళ మొదటిసారి కూతురు ఆశ్రితను ఎక్కిస్తున్నానని అతని సంబరం అంతా ఇంతా కాదు.

ముసలాయన సంచిలోంచి గాజు సీసా తీశాడు. దాని మీదున్న గీత దాకా నీళ్లు, ఆపైన పెట్రోల్ పోసి, మూత బిగించి ఊపి పక్కన పెట్టాడు.

కాసేపటికి అడుగునున్న నీళ్లు గీత దాటి పైకొచ్చాయి.

“చూసినవా? పెట్రోల్ల ఇథనాల్ ఉన్నది. అదే నీళ్లల్లకు దిగింది. దీనికి ఎవరో మార్చి పెట్టిన ఈ పైపులకు అది పడదు, ఉబ్బుతయ్.”

“నీళ్లు పోసింది నువ్వు, పెరిగినయనేది నువ్వే.” దేవేందర్ నవ్వాడు. విమానం ఎగరడం చూద్దామని గట్టు మీద చేరిన జనమూ నవ్వారు. “ఇథనాల్ మన మక్కలతోని చేసేదే బాపూ. మన మక్కలు మనకు పడవా?”

ముసలాయన విమానం పక్కన నిలబడ్డ ఆశ్రిత వైపు చూశాడు. “పైపులు మార్చేదాంక బిడ్డను ఎక్కియ్యకు.”

బయల్దేరబోతుంటే ఆ మాటేంటని దేవేందర్‌కు ఒళ్లు మండింది. ముసలాయన ‘మోతి’ మీది దుమ్ము అరచేత్తో తుడుస్తుంటే, జబ్బ పట్టుకుని రోడ్డు దాకా తీసుకెళ్లి, ఎల్లారెడ్డి నుంచి వస్తున్న బస్సు ఆపి ఎక్కించేశాడు.

వచ్చి ఆశ్రితకు బెల్టు బిగించాడు. విమానం పరుగందుకుంది. చక్రాలు నేల విడవబోతుండగా ఇంజన్ టక్కున ఆగిపోయింది. విమానం పక్కనున్న వరి మడిలోకి దూసుకెళ్లి బురదలో దిగబడింది.

“నాన్నా, కిందనే ఉన్నమా?” కళ్లు తెరవకుండానే అడిగింది ఆశ్రిత.

“కిందనే ఉన్నం బిడ్డా.”

దేవేందర్ బిడ్డను గట్టు మీదికి దించి, ఇంజన్ మూత తెరిచాడు. పెట్రోల్ పైపు ముట్టుకుంటే మెత్తగా ఉబ్బి ఉంది. రోడ్డు మీదికి పరుగెత్తాడు. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది.

విమానం అమ్మిన ప్రకాశ్‌కు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాడు.

“అన్నా, ఎవరు ఆ ముసలాయన?”



“తుల్జారాం. నీ విమానం చేసింది ఆయనే. దీనికి ముందు ఇంకోటి చేసి, బంకు పెట్రోలే పోసి, తన బిడ్డను ఎక్కించిండు. అది కూలింది. ఆ బిడ్డ పేరే మోతి.”