పరీక్షకు పెట్టిన చెయ్యి

"నాడి అందడం లేదు సార్," అంది ఆ అమ్మాయి.

ఎగ్జామినర్ బరువుగా కళ్ళు తెరిచాడు. పొద్దున్నుంచి అదే కుర్చీలో, ఎడంచెయ్యి బల్ల మీద చాపుకుని కూర్చున్నాడు పాపం. అనాటమీ ప్రాక్టికల్స్‌కి ఎప్పుడూ చొక్కా విప్పి కూర్చునే మనిషి జ్వరమని సెలవు పెట్టేశాడు. "ఎవరో ఎందుకు, నా చెయ్యి లేదూ?" అని ఈయనే చొక్కా చెయ్యి పైకి మడిచాడు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఆ జబ్బ మీద పెన్నుతో బ్రేకియల్ ఆర్టరీ, అదే చేతికి నెత్తురు తీసుకెళ్ళే ధమని, దారి గీశారు. అటెండర్ స్పిరిట్ దూదితో తుడిచాడు. గీయడం, తుడవడం, మళ్ళీ గీయడం, మళ్ళీ తుడవడం. చర్మం కందిపోయింది. చెయ్యి ఒకటే లాగుతోంది. ఎప్పుడెప్పుడు ఇంటికెళ్ళి పడుకుందామా అని ఉంది ఆయనకి.

ఇదే ఆఖరి అమ్మాయి. ఈ సబ్జెక్టు ఇప్పటికే ఒకసారి తప్పింది. ఈసారి కూడా పోతే చదువు కట్టిపెట్టి ఇంటికి పోవడమే.

"అందకపోవడమేమిటమ్మా? గీత నువ్వే గీశావుగా. ఎక్కడ మొదలవుతుందో చెప్పు."

"చంక దాటగానే సార్. జబ్బ లోపలి పక్కగా దిగుతుంది. మీడియన్ నరం జబ్బ పైభాగంలో దీనికి బయటి వైపు ఉంటుంది. సగం దూరం వచ్చాక దీని ముందు నుంచి దాటి లోపలి వైపుకి వస్తుంది. మోచేతి మడతలో, జబ్బ కండ తాలూకు తాడుకి లోపలి పక్కన వేళ్ళు పెడితే నాడి అందాలి. అక్కడికి కాస్త కిందే రెండుగా చీలిపోతుంది."

వంక పెట్టడానికేం లేదు. గీత కూడా శుభ్రంగా ఉంది.

"మరింకేం? వేళ్ళు సరిగ్గా అక్కడే పెట్టావు. కొట్టుకుంటోందా?"

"లేదు సార్."

"అంటే నేను చచ్చిపోయినట్టా?"

అమ్మాయి బిక్కచచ్చిపోయింది. ఆయన కుర్చీ వెనకాల నిలబడ్డ అటెండర్ 'ఉందని చెప్పెయ్యమ్మా, నీ సొమ్మేం పోయింది' అన్నట్టు తల ఊపుతున్నాడు. ఆమె అతని వంక చూసి, మళ్ళీ వంగి, వేళ్ళు కాస్త పైకి జరిపింది. ఎముకకి అదిమి చూసింది. కళ్ళు మూసుకుని చూసింది.

"ఆ రెండో చెయ్యి ఒక్కసారి ఇస్తారా సార్? పోల్చి చూస్తాను."

"అదీ నీకిచ్చేస్తే మార్కులెవరు వేస్తారు, మీ నాన్నా?"

"ఈ చెయ్యి చల్లగా కూడా ఉంది సార్."

"పొద్దున్నుంచి స్పిరిట్ పూసి తుడుస్తుంటే చల్లగా ఉండక సలసలా కాగుతుందా?" ఆయనకి విసుగు నెత్తికెక్కింది. "నీకంటే ముందొచ్చినవాళ్ళందరికీ అందింది. ఒక్కొక్కరూ 'బ్రహ్మాండంగా కొట్టుకుంటోంది సార్' అని చెప్పి వెళ్ళారు. వాళ్ళంతా అబద్ధాలకోర్లూ, నువ్వొక్కదానివే సత్యవంతురాలివీనా? ఆఖరిసారి అడుగుతున్నాను. అందిందా, లేదా?"

ఒక్క మాట. "అందింది సార్" అంటే చాలు, గట్టెక్కేస్తుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆమె వేళ్ళు వెనక్కి తీసుకుంది.

"నాకైతే అందలేదు సార్."

"సరే, వెళ్ళు."

మార్కుల దగ్గర సున్నా చుట్టాడు. అమ్మాయి పెన్ను మూత పెట్టుకుని, బ్యాగు తగిలించుకుని, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

అటెండర్ టీ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మంచి పిల్లేనండీ, కాకపోతే మొండిఘటం. అందరికీ చెప్పినట్టే గుమ్మం దగ్గర దానికీ చెప్పాను. విన్లేదు."

"ఏం చెప్పావు?"

"ఏముందండీ. సారు బాగా అలిసిపోయారు, నాడి అందిందా అంటే బ్రహ్మాండంగా కొట్టుకుంటోంది అనెయ్యండి, తొందరగా తెమిలిపోతుందీ అన్నాను. మీరు బడలిపోతుంటే చూళ్ళేకపోయానండీ."

నోటిదాకా వెళ్ళిన టీ కప్పు ఆగిపోయింది. ఆయన కప్పు దించాడు. ఆ అమ్మాయి గీసిన గీత ఇంకా చేతి మీదే ఉంది. దాని చివర, మోచేతి మడతలో, కుడిచేతి వేళ్ళు పెట్టాడు. ఏమీ లేదు. పక్కకి జరిపాడు. గట్టిగా అదిమాడు. లేదు. గబగబా చొక్కా రెండో చెయ్యి మడిచి కుడిచెయ్యి చూసుకున్నాడు. అక్కడ టకటకా కొట్టుకుంటోంది. మళ్ళీ ఎడమది చూశాడు. చల్లగా, చడీచప్పుడు లేకుండా ఉంది. పొద్దున్నుంచి చెయ్యి లాగుతున్నది చాపి కూర్చున్నందుకు కాదన్నమాట, నెత్తురు ఆడక. ఒళ్ళంతా చెమటలు పట్టాయి.

"ఆ అమ్మాయిని పిలు! పాసయిందని చెప్పు, బతిమాలి తీసుకురా. పరిగెత్తు!"

అటెండర్ పరిగెత్తాడు. కాసేపటికి రొప్పుకుంటూ ఒక్కడే తిరిగొచ్చాడు.

"బస్సెక్కేసిందండీ."

"అయితే నువ్వే చూడు. ఇదిగో, ఈ గీత చివర. రోజూ చూస్తున్నావుగా, వేళ్ళెలా పెట్టాలో తెలుసుగా. ఉన్నదున్నట్టు చెప్పు."

అటెండర్ చెయ్యి తుడుచుకుని రెండు వేళ్ళు పెట్టాడు. అదిమాడు. ఇంకాస్త అదిమాడు. ఊపిరి బిగబట్టి ఇంకోసారి చూశాడు. తలెత్తితే సారు మొహం కనిపించింది. నెత్తురుచుక్క లేదు అందులో. అటెండర్ మొహం నిండా నవ్వు తెచ్చుకున్నాడు.

"భలేవారే! బ్రహ్మాండంగా కొట్టుకుంటోంది సార్."